అరచేతిలో ఇమిడే పిస్టల్ కొనాలా, వద్దా?

సంపాదకులకు నమస్కారం.

ఒంటరిగా ఉంటున్న నేను, ఆత్మరక్షణ కోసం అరచేతిలో ఇమిడిపోయే పాయింట్ 22 పిస్టల్ (గుండు వెడల్పు అంగుళంలో నూరింట సుమారు 22 వంతులు కాబట్టి ఆ పేరు) ఒకటి కొనుక్కోవాలా వద్దా అని మూడు నెలలు ఆలోచించి, ఈ వారమే ఒక నిర్ణయానికి వచ్చాను. ఇదే ఆలోచనలో ఉన్న పాఠకులు మరికొందరు ఉండవచ్చు. వారికి ఎంతోకొంత పనికివస్తుందన్న ఉద్దేశంతో, నేను తెలుసుకున్నదీ కళ్లారా చూసిందీ ఇక్కడ రాస్తున్నాను. చట్టం, లైసెన్సు సంగతి ఎక్కడివారికైనా మొదటి మెట్టు కాబట్టి దాని గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆ మెట్టు దాటాక ఎదురయ్యే ప్రశ్నల గురించే ఈ ఉత్తరం.

నాకు వేళ్ల కీళ్లు నొప్పి. సీసా మూత తిప్పాలన్నా రెండు చేతులూ కావాలి. మామూలు సైజు పిస్టల్‌లో మొదటి తూటా ఎక్కించాలంటే పైనున్న స్లైడ్‌ను గట్టి స్ప్రింగుకు ఎదురు లాగి వదలాలి, అది నా వల్ల కాలేదు. చిన్న పాయింట్ 22 పిస్టళ్ల మీదికి నా మనసు పోవడానికి ఇదే కారణం. 1980ల నుంచి అమ్ముడవుతున్న బెరెట్టా 21ఏ బాబ్‌క్యాట్ లాంటి వాటిలో ఒక చిన్న మీట నొక్కితే బ్యారెల్ వెనుక భాగం పైకి లేస్తుంది. తూటాను నేరుగా అందులో పెట్టి కిందికి నొక్కేస్తే సరిపోతుంది, స్లైడ్ లాగే పనే ఉండదు. కాల్చినప్పుడు చేతికి తగిలే వెనుకతోపు కూడా తక్కువే. నాలాంటి చేతులున్నవారికి ఇది నిజమైన సౌలభ్యమని మొదటే ఒప్పుకుంటున్నాను. ఆడవాళ్లకు ముచ్చటగా ఉంటుందని ఇలాంటివి చూపించే ధోరణి మాత్రం నాకు నచ్చలేదు. ప్రాణం తీయగల వస్తువును ముచ్చట కోసం ఎంచుకోకూడదు.

ఈ పిస్టళ్లు వాడే తూటాను రిమ్‌ఫైర్ తూటా అంటారు. కొనే ముందు అర్థం చేసుకోవలసింది దీన్నే. పెద్ద పిస్టళ్ల తూటాల అడుగున మధ్యలో, దెబ్బ తగిలితే అంటుకునే రసాయనం నింపిన చిన్న టోపీ ఒకటి విడిగా బిగించి ఉంటుంది. రిమ్‌ఫైర్‌లో ఆ టోపీ ఉండదు. ఇత్తడి గొట్టం అడుగున చుట్టూ ఉబ్బెత్తుగా ఉండే అంచు లోపలే ఆ రసాయనం ఉంటుంది. తయారుచేసేటప్పుడు తడి ముద్దగా ఉన్న రసాయనాన్ని గొట్టంలో వేసి గిర్రున తిప్పుతారు. ఆ వేగానికి అది అంచు మడతలోకి పాకి, అక్కడే ఆరుతుంది. పిస్టల్‌లోని ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపినప్పుడు నిప్పు పుట్టి గొట్టంలోని తుపాకీ మందు అంటుకుంటుంది. 1845లో ఫ్లోబేర్ అనే ఫ్రెంచి తుపాకుల నిపుణుడు మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1857లో స్మిత్ అండ్ వెస్సన్ అనే అమెరికా తుపాకుల కంపెనీ తన తొలి రివాల్వర్‌ను ఈ రకం తూటాతోనే తెచ్చింది. ఇప్పుడు అందరూ వాడుతున్న పాయింట్ 22 లాంగ్ రైఫిల్ తూటా 1887 నాటిది. చవకగా, తేలికగా తయారవుతుంది కాబట్టి ఇన్నేళ్లుగా నిలిచింది. గురి నేర్చుకోవడానికి ఇంతకు మించింది లేదు. ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ పోటీలు నేటికీ దీనితోనే జరుగుతున్నాయి.

అయితే తిప్పినప్పుడు ఆ ముద్ద అంచు చుట్టూ సమానంగా పరుచుకోకపోతే ఎక్కడో ఒకచోట ఖాళీ మిగులుతుంది. ఫైరింగ్ పిన్ సరిగ్గా ఆ ఖాళీ మీదే పడితే తూటా పేలదు. పుస్తకంలో చదివినప్పుడు ఇది నాకు చిన్న విషయంగానే తోచింది. ఒక శిక్షకుడు తన జేబు పిస్టల్‌ను దగ్గరుండి నా చేత కాల్పించిన రోజున దాని బరువు తెలిసింది.

ఆ రోజు యాభై తూటాల పెట్టెలు రెండు కాల్చాను. మొదటి పెట్టెలో ఏడో తూటాకు ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని చిన్న శబ్దం వచ్చి ఊరుకుంది. నేను వెంటనే పిస్టల్‌ను వెనక్కి తిప్పి చూడబోయాను. "కదపకండమ్మా, బ్యారెల్ అటే ఉంచండి" అని శిక్షకుడు నా మణికట్టు పట్టుకుని ఆపి, ముప్పై వరకు లెక్కపెట్టమన్నాడు. పేలలేదనుకున్న తూటా ఆలస్యంగా పేలే వీలుంటుందట. లెక్క పూర్తయ్యాక బ్యారెల్ పైకి లేపి, తూటాను బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు. అంచు మీద సన్నని గోటి నొక్కులాంటి గుర్తు ఒకటి స్పష్టంగా ఉంది. పిన్ తన పని తాను చేసింది, తూటాయే పలకలేదు. దాన్ని సగం చుట్టు తిప్పి మళ్లీ పెట్టి కాల్చమన్నాడు, ఈసారి పేలింది. అంటే అదే తూటాలో ఒక పక్క ప్రాణం ఉంది, ఇంకో పక్క లేదు. వంద తూటాలు పూర్తయ్యేసరికి ఇలా పేలనివి నాలుగు. ఖాళీ గొట్టం బయటికి పోకుండా స్లైడ్‌లో ఇరుక్కున్నవి రెండు. మరో రకం తూటాలైతే ఈ లెక్క తగ్గేదని ఆయన చెప్పాడు, అది నిజమే కావచ్చు. కానీ రాత్రి రెండింటికి తలుపు అవతల అడుగుల చప్పుడు వింటున్న మనిషికి ముప్పై లెక్కపెట్టే తీరిక ఉండదు.

ఇరుక్కోవడానికి కారణాలు వేరే ఉన్నాయి. ఈ తూటాల గుండు సాధారణంగా మైనం పూసిన మెత్తని సీసం. కాల్చేకొద్దీ ఆ మైనం, మసి కలిసి బ్యారెల్ వెనుక భాగంలో జిగటలా పేరుకుంటాయి. చిన్న పిస్టల్‌లో కదిలే భాగాల మధ్య ఎడం తక్కువ కాబట్టి దాని ప్రభావం త్వరగా తెలుస్తుంది. పైగా ఉబ్బెత్తు అంచులున్న తూటాలను మ్యాగజైన్ అనే డబ్బా‌లో ఒకదాని మీద ఒకటి పేర్చేటప్పుడు, పైదాని అంచు కిందిదాని అంచుకు ముందు ఉండాలి. వెనక పడిందో, ఒకదానికొకటి తగులుకుని కదలవు. అమెరికా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ 1905 నాటికే పాయింట్ 25 అనే చిన్న తూటాను రూపొందించాడు. దాని బలం పాయింట్ 22కు దగ్గరగానే ఉంటుంది, కానీ అది మధ్యలో టోపీ ఉన్న రకం. జేబు పిస్టల్‌కు బలం కంటే నమ్మకం ముఖ్యమని నూట ఇరవై ఏళ్ల కిందటి పనివాడికి తెలుసన్నమాట. పాయింట్ 22 రివాల్వర్ తీసుకుంటే ఈ చిక్కులో సగం తీరుతుంది, ఎందుకంటే ఒకటి పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ లాగగానే తూటాలుండే చక్రం తిరిగి తర్వాతి గది ముందుకు వస్తుంది. కానీ అంచును గట్టిగా నలపాలి కాబట్టి వాటి ట్రిగ్గర్ బరువుగా ఉంటుంది. నా చూపుడు వేలు అయిదోసారికే మొరాయించింది.

గురి సంగతి కొద్దిగా చెబుతాను. చిన్న పిస్టల్ వాడటం తేలికనుకోవడం పొరపాటు. గురి చూడటానికి పిస్టల్ మీద ముందూ వెనుకా ఉండే రెండు గుర్తుల మధ్య దూరం ఎంత తక్కువైతే చేతి వణుకు అంత ఎక్కువగా గుండు దారిని తప్పిస్తుంది. ఏడు అడుగుల దూరంలో కాగితం మీద నా గుండ్లు ఒక పళ్లెమంత వెడల్పున పడ్డాయి. అదే రోజు అదే తూటాలతో, పొడవు బ్యారెల్ ఉన్న పెద్ద పిస్టల్‌తో కాల్చితే అరచేయంత జాగాలోకి వచ్చాయి. ఖాళీ పిస్టల్‌తో ఇంట్లో ట్రిగ్గర్ సాధన చేద్దామా అంటే, చాలా రిమ్‌ఫైర్ పిస్టళ్లలో తూటా లేనప్పుడు పిన్ నేరుగా బ్యారెల్ అంచుకు తగిలి రెండూ పాడవుతాయి; తయారుచేసినవారు ఒప్పుకుంటే తప్ప, నకిలీ తూటా పెట్టకుండా అలా చేయకూడదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం "చిన్నదే కదా" అన్న మాట. ఈ మాట నేనూ అనుకున్నాను, అందుకే దాని గురించి కాస్త గట్టిగా రాస్తున్నాను. ఈ తూటాలోని గుండు బరువు సుమారు 2.6 గ్రాములు, వెడల్పు 5.6 మిల్లీమీటర్లు. పొట్టి బ్యారెల్ నుంచి వస్తే రైఫిల్ నుంచి వచ్చినప్పటికంటే వేగం బాగా తగ్గుతుంది కూడా. అంత మాత్రాన అది ఆటవస్తువు కాదు. 1968 జూన్‌లో అమెరికా సెనేటర్ రాబర్ట్ కెనెడీ ప్రాణం తీసింది పాయింట్ 22 రివాల్వరే. 1981 మార్చి 30న అమెరికా అధ్యక్షుడు రీగన్ ఊపిరితిత్తిలోకి దిగిన గుండు, ఆయన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రేడీని జీవితాంతం చక్రాల కుర్చీకి పరిమితం చేసిన గుండు, రెండూ పాయింట్ 22వే. ఈ తూటాల పెట్టెల మీద మైలున్నర దూరం వరకు ప్రమాదమన్న హెచ్చరిక అచ్చువేసి ఉంటుంది. మైలున్నర అంటే దాదాపు రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. శబ్దం కూడా చిన్నదేమీ కాదు. చెవికి శాశ్వతంగా హాని చేసే 140 డెసిబెల్స్‌ను ఇది దాటిపోతుంది. గదిలో పేలితే చెవులు చాలాసేపు పనిచేయవు. కాబట్టి ఈ పిస్టల్ గురించి నాకు చివరికి అర్థమైంది ఇది: అవసరం పడినప్పుడు పేలుతుందన్న భరోసా తక్కువ, అక్కర్లేనప్పుడు ప్రాణం తీయడంలో ఏ లోటూ లేదు. ఇంత ఇబ్బందికరమైన కలయికను, చూడటానికి చిన్నగా ఉందన్న కారణంతో మనం తేలికగా తీసుకుంటున్నాం.

కొన్న తర్వాత అది ఎక్కడ ఉంటుందన్నది మరో ప్రశ్న. జేబులో వేసుకుంటారా? అయితే తాళంచెవులూ చిల్లరా ఉండే జేబులో కాకుండా, ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే ఒరలో, దానికంటూ కేటాయించిన జేబులో ఉండాలి. నూలుపోగులు, దుమ్ము చేరతాయి కాబట్టి తరచూ విప్పి తుడవాలి. దిండు కిందా? నా మనవరాలికి ఆరేళ్లు. సెలవులకు వస్తే నా దిండ్లన్నీ దానివే. అరచేతిలో ఇమిడే వస్తువు పెద్దవారి అరచేతికే సరిపోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. తాళం వేసిన ఇనుప పెట్టెలో పెట్టడమే సరైన పని, అందులో నాకు సందేహం లేదు. కానీ అలా పెట్టినప్పుడు చీకట్లో, వణికే వేళ్లతో, ఆ పెట్టె తెరవడానికి ఎంతసేపు పడుతుందో లెక్క చూసుకోవాలి. నేను చూసుకున్నాను. దీపం ఆర్పి, ఖాళీ పెట్టెతో మూడుసార్లు ప్రయత్నిస్తే అత్యుత్తమంగా పదకొండు సెకన్లు పట్టింది.

ఇంకొక సంగతి రాయాలా వద్దా అని తటపటాయించాను, కానీ ఇది దాచిపెట్టడం తప్పు. బయటివాడి గురించి భయపడి కొన్న తుపాకీ, ఎక్కువసార్లు ఇంట్లోవారి మీదే తిరుగుతుంది. కాలిఫోర్నియాలో 2 కోట్ల 60 లక్షల మందికి పైగా పెద్దవారి వివరాలను పన్నెండేళ్ల కాలానికి పరిశీలించిన అధ్యయనం ఒకటి 2020లో వైద్య పత్రిక న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. తుపాకీతో ప్రాణం తీసుకునే ప్రమాదం, చేతి తుపాకీ లేనివారితో పోలిస్తే ఉన్నవారిలో, మగవారికి దాదాపు 8 రెట్లు, ఆడవారికి 35 రెట్లు ఎక్కువని అందులో తేలింది. మావారు పోయిన మొదటి ఏడాది నేను ఎలాంటి రాత్రులు గడిపానో నాకు తెలుసు. ఆ రోజుల్లో ఈ వస్తువు నా సొరుగులో లేకపోవడం నా అదృష్టం. ఇంట్లో ఎవరికైనా మనసు బాగోలేకపోతే, ఉన్న తుపాకీని కూడా కొంతకాలం బయట భద్రమైన చోట ఉంచడం, ఆ మనిషిని వైద్యుడి దగ్గరికో నమ్మకమైన మనిషి దగ్గరికో తీసుకువెళ్లడం అత్యవసరం.

ఇంత చెప్పినా, ఎవరూ కొనకూడదని నేను అనడం లేదు. చేతుల్లో బలం లేక మరో పిస్టల్ వాడలేనివారు, తమ పిస్టల్‌కు ఏ తూటా పడుతుందో నాలుగైదు రకాలు కాల్చి చూసి, ఎంచుకున్న ఒక్క రకంతో కనీసం అయిదు వందలు ఇబ్బంది లేకుండా కాల్చి, ఆ తర్వాత కూడా నెలనెలా సాధన చేస్తూ, శుభ్రం చేసుకుంటూ, తాళం వేసి ఉంచగలిగితే, వారి చేతిలో ఇది పనికివచ్చే సాధనమే. పాయింట్ 22 తూటా చవక కాబట్టి అంత సాధన చేయడం సాధ్యం కూడా. మొదటిసారి తుపాకీ పట్టేవారు మాత్రం దీనితో మొదలుపెట్టకండి; అదే తూటా వాడే పెద్ద పిస్టల్‌తో, శిక్షకుడి పక్కన నిలబడి నేర్చుకోండి.

నా మటుకు నేను కొనడం లేదు. అయిదు వందల తూటాల ఓపిక నా వేళ్లకు లేదని నిజాయితీగా ఒప్పుకున్నాను. తలుపుకు లోపలి నుంచి రెండో గడియ, మెట్ల దగ్గర మనిషి కదిలితే వెలిగే దీపం పెట్టించాను; ఫోను దిండు పక్కనే ఉంటుంది. వారానికోసారి శిక్షకుడి దగ్గరికి వెళ్లి ఆ పెద్ద పిస్టల్‌తో కాగితం మీద కాలుస్తున్నాను, అది నాకు ఇష్టంగానే ఉంది.

చివరిగా, ఈ పిస్టళ్లు అమ్మేవారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఎంత తేలికో, ఎంత చిన్నదో చెప్పడంతో ఆపకండి. కొనదలచినవారి చేత సొంతంగా రెండు పెట్టెల తూటాలు కాల్పించండి, ఎన్ని పేలలేదో వారి చేతే రాయించండి, ఆ తర్వాతే డబ్బు తీసుకోండి.

ఇట్లు
మీ పాఠకురాలు