బెన్యామీను ఇంగ్లీషు పేరు కాదు

సంపాదకుల వారికి,

మీ ఆదివారం సంచికలో పిల్లల పేర్లకు అర్థాలు వేస్తున్నారు. మొన్న 'బెంజమిన్' పక్కన 'అదృష్టవంతుడు, ఇంగ్లీషు పేరు' అని పడింది. అరవై ఆరేళ్లుగా ఆ పేరుతో బతుకుతున్నవాణ్ణి. చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

అది హీబ్రూ పేరు. యూదులు బిన్యామిన్ అంటారు, తెలుగు బైబిల్లో బెన్యామీను. 'బెన్' అంటే కొడుకు, 'యామిన్' అంటే కుడిచెయ్యి. బైబిలు కథలో యాకోబు భార్య రాహేలుకు బేత్లెహేము దారిలో నొప్పులొచ్చాయి. కానుపు కష్టమైంది. ప్రాణం పోతూ పోతూ ఆమె బిడ్డను 'బెనోని' అంది, నా దుఃఖపు కొడుకు అని. తండ్రి ఆ పేరు ఉంచలేదు, బెన్యామీను అన్నాడు.

మా అమ్మ నన్ను కన్న మూడో రోజున పోయింది. పలకరింపుకొచ్చిన చుట్టాలు 'తల్లిని మింగి పుట్టాడు' అన్నారట. నాయనమ్మ పెంటయ్య అని పెట్టమంది. అలాంటి పేరుంటే చావు ఆ బిడ్డ వైపు చూడదని ఆవిడ నమ్మకం, ఆవిడ భయం ఆవిడది. నాన్న పోర్టులో కళాసీ. సంతకం పెట్టడం, బైబిలు కూడబలుక్కోవడం, అంతవరకే చదువు. కానీ యాకోబు ఏం చేశాడో ఆయనకు తెలుసు, ఆ పేరే నాకు పెట్టాడు. ఇంటికొచ్చి ఎవరు ఆ మింగిన మాట ఎత్తినా 'వాడు నా కుడిభుజం' అనేవాడు. ఇంకేమీ అనేవాడు కాదు.

తీరా నాది పుర్రచేతి వాటం. బళ్లో పంతులుగారు వేళ్ల మీద బెత్తంతో కొట్టేవారు. ఏడుస్తూ ఇంటికొస్తే నాన్న బైబిల్లోని న్యాయాధిపతుల గ్రంథం తీశాడు. బెన్యామీను గోత్రపు వీరుడు ఏహూదు ఎడమచేతివాడే. తలవెంట్రుకకు గురిపెట్టి ఒడిసెల విసిరినా తప్పని 700 మంది ఎడమచేతివాళ్లు ఆ గోత్రంలోనే ఉండేవారు. సౌలు రాజుదీ, అపొస్తలుడు పౌలుదీ ఆ గోత్రమే.

'యామిన్' అంటే దక్షిణం కూడా. మన దక్షిణ శబ్దానికీ ఆ రెండర్థాలూ ఉన్నాయి కదా. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో సూర్యుడికి ఎదురుగా నిలబడండి, దక్షిణాన ఉన్న డాల్ఫిన్స్ నోస్ కొండ మీ కుడిచేతి వైపే ఉంటుంది. యాకోబు మిగతా కొడుకులు ఉత్తరాన పద్దనరాము దేశంలో పుట్టారు, దానికి దక్షిణాన ఉన్న కనాను దేశంలో పుట్టింది ఇతనొక్కడే. అందుకని 'దక్షిణపు కొడుకు' అన్న అర్థాన్ని యూదు పండితుడు రాషీ కూడా చెప్పాడు.

ఇలాంటి పేర్లు దొరలతో వచ్చాయి, నిజమే. లండన్ మిషన్ అనే క్రైస్తవ సంఘం వాళ్లు 1805లో మన విశాఖకే వచ్చారు. వాళ్లలో ఒకరైన డెస్ గ్రాంజెస్ ఇక్కడ తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో బెంగాల్లోని సెరాంపూర్‌లో అచ్చయ్యాయి. వాటిలో మత్తయి సువార్త మొదలే అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. తెచ్చినవాళ్లు ఇంగ్లీషువాళ్లయినంత మాత్రాన పేర్లు ఇంగ్లీషువైపోవు.

వచ్చే ఆదివారం సవరణ వేయండి. 'అదృష్టవంతుడు' తీసేసి 'కుడిచేతి కొడుకు, హీబ్రూ పేరు' అని వేస్తే చాలు. చోటుంటే పక్కన బెనోని అని కూడా వేయండి. అది అమ్మ పెట్టిన పేరు.

బెన్యామీను,
రిటైర్డ్ ఫిట్టర్,
కంచరపాలెం, విశాఖపట్నం