పాముకి రేటు రాయకండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో రెండు తలల పాము పట్టుకున్నారని, దాని విలువ కోట్లల్లో ఉంటుందని పెద్ద హెడ్డింగు పెట్టారు. ఆ సాయంత్రం మా వీధి చివర టీ కొట్టు దగ్గర ఇంక వేరే మాట లేదు, అరెస్టయినోళ్ళ సంగతి ఎవరికీ పట్టలేదు గానీ భీమిలి వైపు సరుగుడు తోటల్లో వెతికితే దొరుకుతుందా అని ఒక కుర్రాడు సీరియస్‌గానే అడిగాడు, వాడికి అప్పులున్నాయని మా అందరికీ తెలుసు.

దానికి రెండు తలలు ఎక్కడున్నాయండీ? ఒకటి తల, రెండోది మొండి తోక. అటు థార్ ఎడారి నుంచి ఇటు మన రాయలసీమ మెట్ట పొలాల దాకా ఇసుక, పొడి నేల ఉన్నచోట బతికే పాము అది. పగలు వేడికి మట్టిలో దూరి పడుకుంటుంది, చీకటి పడ్డాక వచ్చి ఎలకల్ని చుట్టి చంపి తింటుంది, విషం లేదు, గుడ్లు కూడా పెట్టదు, పిల్లల్నే కంటుంది. ఎవరైనా మీదకొస్తే తల చుట్టల కింద దాచుకుని తోక పైకెత్తుతుంది, దెబ్బేదో తోకకి తగిలితే ప్రాణం మిగులుతుంది కదా. శత్రువుని ఏమార్చడానికి ఉన్న తోకతో మనవాళ్ళు మనవాళ్ళనే ఏమారుస్తున్నారు, అమ్మేవాళ్ళు కొందరు దాని మీద వాతలు పెట్టి కళ్ళూ నోరూ ఉన్నట్టు చేస్తారట, పాపం మూగజీవి.

రాజస్థాన్‌లో సాండా బల్లిదీ ఇదే గతి. తిండి దొరకని రోజులకని తోకలో కొవ్వు దాచుకుంటుంది, ఆ కొవ్వు కరిగించి మగతనం నూనె అని అమ్ముతారు. పనిచేస్తుందని ఏ డాక్టరూ చెప్పలేదు.

1972 వన్యప్రాణి చట్టం కింద వీటిని పట్టుకోవడం, అమ్మడం, కొనడం అన్నీ నేరమే. కొనకూడని దానికి మార్కెట్ రేటు ఎక్కడిదండీ? బ్రోకర్ నోటికొచ్చిన అంకె మీరు అచ్చేస్తే, రేపు ఇంకో బ్రోకర్ ఆ కటింగే వాట్సాప్‌లో పెట్టి ఇదిగో పేపర్లో కూడా పడింది అంటాడు, అడ్వాన్స్ ఇచ్చి మునిగేది మనలాంటోళ్ళే.

కాబట్టి ఇకమీదట రేటు తీసేసి, పట్టుబడితే ఎన్నేళ్ళు జైలో అది హెడ్డింగులో పెట్టండి. మన జూలో కూడా గేటు దగ్గరే తెలుగులో ఒక బోర్డు పెడితే బాగుంటుంది, ఆదివారం ఎంత జనం వస్తారో చూస్తున్నాం కదా. కానీ ముందు మీ పేపర్లో రావాలి సార్, టీ కొట్టులో ఆ కుర్రాడు రోజూ చదివేది అదే.

ఇట్లు
ఒక పాఠకుడు, పెదవాల్తేరు, విశాఖపట్నం