మార్చిలో అస్సాం వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి చిన్నికి,

అమ్మ దీవెనలు. నువ్వు పంపిన పట్టిక చూశాను. పది రోజుల్లో గువాహటి, షిల్లాంగ్, కాజీరంగా, మాజులీ, శివసాగర్, డిబ్రూగఢ్ అని రాశావు. ఇలా పెట్టుకుంటే సగం సెలవు కారులోనే అయిపోతుందమ్మా. షిల్లాంగ్, డిబ్రూగఢ్ కొట్టెయ్. గువాహటిలో ఒక్క రాత్రి, కాజీరంగాలో మూడు, జోర్హాట్‌లో నాలుగు, శివసాగర్‌లో రెండు చాలు. నువ్వూ అల్లుడుగారూ తీరిగ్గా తిరగొచ్చు.

నెల మాత్రం మార్చే ఉంచు. డిసెంబరు సెలవుల్లో వెళ్లినవాళ్లకి తేయాకు తోటల్లో ఆకు కోత కనబడదు. డిసెంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా కొమ్మలు కత్తిరించి మొక్కకి విశ్రాంతినిచ్చే కాలం, ఫ్యాక్టరీల్లో యంత్రాలు విప్పి బాగుచేసుకునే కాలం. పోనీ రెండో ఫ్లష్, అంటే రెండో విడత చిగురించే మేలైన ఆకు కోసం మే, జూన్‌లలో వెళ్దామంటే వానలూ వరదలూ మొదలై కాజీరంగా నేషనల్ పార్కు మూసేస్తారు. అడవీ తోటా రెండూ కలిసొచ్చేది మార్చి, ఏప్రిల్‌లలో, మళ్లీ నవంబరులో. నవంబరులో ఏనుగు గడ్డి మనిషిని ముంచేసేంత ఎత్తుంటుంది, పక్కనే ఖడ్గమృగం ఉన్నా కనబడదు. చలికాలం చివర అటవీశాఖవాళ్లు ఆ గడ్డిని విడతలవారీగా కాలుస్తారు. మార్చికి లేత పచ్చిక మొలిచి, జంతువులు మేతకి బయటికొస్తాయి. ఏప్రిల్ మధ్యలో బిహు పండగ, అప్పుడు గదులూ బళ్లూ దొరకడం కష్టం.

వెళ్లేటప్పుడు కన్యాకుమారి నుంచి డిబ్రూగఢ్ వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ మన విశాఖ మీదుగానే పోతుంది. గువాహటిలో దిగండి. అంత దూరం బండి గంటల తరబడి ఆలస్యం కావచ్చు, అందుకే దిగిన రోజున ఏ పనీ పెట్టుకోవద్దు. మర్నాడు కాజీరంగాకి రోడ్డు మీద సుమారు 200 కిలోమీటర్లు, నాలుగైదు గంటలు. చీకటి పడ్డాక మాత్రం ఆ దారిన వద్దు. పార్కుకి దక్షిణపు అంచునే హైవే ఉంది. వరదలొస్తే జంతువులు ఆ రోడ్డు దాటి కార్బీ కొండలెక్కి ప్రాణాలు కాపాడుకుంటాయి. మామూలు రోజుల్లోనూ అడ్డం వస్తాయి. వేగం తగ్గించమన్న బోర్డు కనబడ్డ ప్రతిచోటా డ్రైవరు తగ్గించేలా చూడు.

కాజీరంగాలో ఏ రేంజ్‌కి, అంటే అడవిలో ఏ భాగానికి, వెళ్తున్నామన్నదే అన్నిటికంటే ముఖ్యం. కోహోరా మధ్యది, జనం ఎక్కువ. పడమటి బాగోరిలో ఖడ్గమృగాలు తేలిగ్గా కనబడతాయి. తూర్పున అగోరాటోలిలో సోహోలా బీల్ అనే పెద్ద చెరువుంది, పక్షులు అక్కడే. బాగోరికి ఒక పూట, అగోరాటోలికి రెండు పూటలు ఇవ్వు. జీపు అద్దె, ప్రవేశ రుసుము, కెమెరా రుసుము విడివిడిగా ఉంటాయి. ముందురోజే రేంజ్ ఆఫీసులో వేళలు కనుక్కో. బీల్ ఒడ్డున ఇంజను ఆపించి అరగంట కదలకుండా కూర్చోండి. దారి పక్కన పేడ గుట్టలు కనబడతాయి. ఖడ్గమృగాలు అలవాటుగా ఒకే చోటికి వచ్చి పేడ వేస్తాయి కాబట్టి అక్కడ ఆగితే ఎదురుచూపు వృథా కాదు. అది తల పైకెత్తి, చెవులు నిక్కబొడిచి, బుస్సుమంటే దగ్గరికి పోనివ్వమని డ్రైవర్ని తొందరపెట్టొద్దు. మన దేశపు ఖడ్గమృగం కొమ్ముకంటే కింది పళ్లతోనే ఎక్కువగా కోస్తుంది. 2022 లెక్కల్లో ఇక్కడ 2,613 ఉన్నాయి. మార్చిలోనూ పొద్దున ఓపెన్ జీపులో చలి కోస్తుంది, స్వెట్టరు మర్చిపోకు.

జోర్హాట్ చేరాక నాలుగు రోజులు గది మార్చకు. తోటలు, గిబ్బన్లనే తోకలేని వానరాల అడవి, మాజులీ రేవు, అన్నీ అక్కణ్ణుంచి గంట లోపే.

మున్నార్ లాగా కొండ వాలు మీద తోటలుంటాయని ఎదురుచూడొద్దు. అస్సాం తోటలు చదును నేల మీద, నీడకి దిరిసెన జాతి చెట్ల కింద పెరుగుతాయి. వరసల మధ్య లోతైన కాలవలు చూడు. వేళ్ల దగ్గర నీళ్లు నిలిస్తే తేయాకు మొక్క బతకదు, అందుకే అవి. చిరుతలు కూడా ఆ కాలవల్లోనే పడుకుంటాయి. సాయంత్రం పూట పొదల మధ్యకి ఒంటరిగా పోవద్దు. పచ్చి ఆకు తుంచి నమలొద్దు, మందు ఎప్పుడు కొట్టారో తెలియదు.

ఫ్యాక్టరీ చూడాలంటే మేనేజరు అనుమతి ముందే తీసుకో. రెండాకులూ ఒక మొగ్గా చొప్పున కోసిన ఆకుని ముందు జల్లెడ తొట్లలో పరిచి, కింద నుంచి ఫ్యాన్ గాలి పంపి 12 నుంచి 16 గంటలు వాడబెడతారు. పిడికెడు తీసి గట్టిగా నొక్కి వదులు. విరక్కుండా మెత్తగా ముద్దకడితే సరిగ్గా వాడినట్టు. తర్వాత సీటీసీ (క్రష్, టేర్, కర్ల్) యంత్రం. పళ్లున్న రెండు రోలర్లు, ఒకటి రెండోదానికంటే పదిరెట్లు వేగంగా తిరుగుతూ ఆకుని చీల్చి, తుంచి, చుట్టేస్తాయి. అక్కణ్ణుంచి పులియబెట్టే చోట గంట అటూ ఇటూ నిలబడి చూడు. పచ్చగా ఉన్న పొడి రాగి రంగుకి తిరుగుతుంది, పచ్చి గడ్డి వాసన పోయి పండిన పండు వాసన వస్తుంది. ముందే ఆరబెట్టేస్తే టీ పచ్చి వాసనేస్తుంది, ఆలస్యమైతే చప్పబడిపోతుంది. నాలుగు కిలోలపైన ఆకు పోస్తే కిలో టీ చేతికొస్తుంది.

తోటల్లో గడియారం మన టైముకంటే గంట ముందుంటుంది, దాన్ని బాగాన్ టైం అంటారు. ఎనిమిదికి రమ్మంటే ఏ ఎనిమిదో అడుగు. ఆకు కోసే ఆడవాళ్లని అడక్కుండా ఫోటో తీయొద్దు, వాళ్లకి రోజుకి ఇంత ఆకు కోయాలన్న లెక్క ఉంటుంది, నిమిషం పోయినా నష్టమే. వాళ్లలో కొందరి ముత్తాతలు గంజాం, విశాఖ జిల్లాల నుంచి కాంట్రాక్టర్లు తీసుకెళ్లినవాళ్లు, అక్కడ తెలెంగాలంటారు. తెలుగులో పలకరించి చూడు తల్లీ.

మరియానీ దగ్గరి హూలోంగాపార్ గిబ్బన్ అభయారణ్యం తప్పనిసరి. 21 చదరపు కిలోమీటర్లు కూడా లేని అడవి, చుట్టూ తేయాకు తోటలే, మధ్యలో రైలు పట్టాలు. హూలాక్ గిబ్బన్లు నేల మీద నడిచి ఇంకో అడవికి పోలేవు, కొమ్మ పట్టుకుని కొమ్మకి ఊగుతూనే బతుకు. ఆ తోట, ఈ అడవి ఎలా అతుక్కుని ఉన్నాయో అక్కడే తెలుస్తుంది. తెల్లారగానే ఫారెస్టు గార్డుతో లోపలికి నడవండి. గిబ్బన్లు ఆడా మగా జంటగా కేకలేసేది పొద్దుటి పూటే. మగది నలుపు, ఆడది లేత గోధుమ రంగు. వాన పడితే జలగలుంటాయి, ప్యాంటుని మేజోళ్లలోకి దోపుకోండి.

బ్రహ్మపుత్రలోని దీవి మాజులీకి నిమాతీ ఘాట్ నుంచి పడవ. వెనక్కొచ్చే ఆఖరి పడవ వేళ దిగేముందే అడుగు. అక్కడ సామగురి సత్ర అనే వైష్ణవ మఠంలో మట్టి, వెదురు, గుడ్డతో చేసే ముసుగులు చూసి రండి.

శివసాగర్‌లో ఒకప్పుడు అస్సాంని ఏలిన అహోం రాజుల కట్టడాలు రంగ్ ఘర్, తలాతల్ ఘర్ గోడల పలచటి ఇటుకల్ని దగ్గరగా చూడు. సిమెంటు లేదు, సున్నంలో జిగురు బియ్యం పిండీ, బాతుగుడ్లూ కలిపి కట్టారు. తలాతల్ ఘర్ సొరంగాలు మూసేశారు, వాటి కోసం వెతక్కండి. మైదాంలనే ఆ రాజుల మట్టి సమాధులు శివసాగర్ దగ్గరి చరాయిదేవ్‌లో ఉన్నాయి. 2024లో యునెస్కో జాబితాలో చేరాయి. వాటి మీదికెక్కకుండా చుట్టూ నడవండి, సాయంత్రపు ఎండలో గుట్టల గుండ్రదనం బాగా తెలుస్తుంది.

టీ కొనేటప్పుడు ప్యాక్ చేసిన తేదీ చూడు. ఆర్థొడాక్స్ రకం, అంటే సీటీసీలో చీల్చకుండా ఆకుని చుట్టి చేసినదైతే పాలొద్దు, గ్లాసు వేడినీళ్లకి చెంచా పొడి, మూడు నిమిషాలు, వెంటనే వడకట్టు. మా ఇద్దరికీ పావుకిలో చాలు.

తిరుగు టిక్కెట్టు సిమలుగురి స్టేషన్ నుంచి తీసుకో, శివసాగర్‌కి దగ్గర. మళ్లీ గువాహటి దాకా రోడ్డున వెనక్కి రానక్కర్లేదు.

ఉంటాను,
అమ్మ