బియ్యం కాటా మీద మా నాన్న: బరంపురం సిస్టర్ గారికి కృతజ్ఞతలు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బజారులో బియ్యం, పప్పుల దుకాణం. మూడు నెలల కిందట మా నాన్నని బరంపురం పెద్దాసుపత్రిలో చేర్చినప్పుడు చాలామంది ఫోన్లు చేశారు. డబ్బు కావాలా, తోడు రమ్మంటారా అని అడిగారు. ఆ టెన్షన్‌లో ఎవరికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నాన్న ఇప్పుడు బాగున్నాడు. పొద్దున్నే గుడి దాకా నడిచి వెళ్లొస్తున్నాడు, కొట్లో కూర్చుని నా లెక్కల్లో తప్పులు వెతుకుతున్నాడు. మీ అందరికీ నమస్కారాలు. కానీ ఇది ముఖ్యంగా అక్కడ నాన్నని చూసుకున్న ఒక నర్సు సిస్టర్ గారి కోసం రాస్తున్నాను. పేరు రాయొద్దని ఆవిడే అన్నారు, రాయను.

ముందు మా తెలివితక్కువతనం చెప్పుకోవాలి. నాన్నకి 74 ఏళ్లు. నాలుగేళ్ల కిందట గుండెపోటు వచ్చి కోలుకున్నాడు, అప్పట్నుంచి మాత్రలు వాడుతున్నాడు. చలికాలం మొదలైన దగ్గర్నుంచి రాత్రి పడుకుంటే చాలు దగ్గు. చలిగాలి అనుకున్నాం. ఒక తలగడ రెండయింది, రెండు మూడయ్యాయి. తర్వాత గోడకి ఆనుకుని కూర్చునే నిద్ర. చెప్పుల పట్టీలు కాళ్లకి కోసుకుపోతుంటే, చెప్పులు మంచివి కావని ఒక నంబరు పెద్ద జత కొనిచ్చాను. కొడుకుగా నేను చేసిన వైద్యం అది.

ఒకరోజు రాత్రి రెండు గంటలకి లేచి చూస్తే కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట, మాట రావడం లేదు. పక్కింటి ఆటో తమ్ముడు బనియన్‌తోనే వచ్చేశాడు, అతని రుణం వేరే ఉంది. మా ఊరి ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, ఇంజక్షన్ చేసి, బరంపురం తీసుకెళ్లమన్నారు. పాతపట్నం, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం. ఒడిశాలోంచి ఒడిశాలోకే అయినా, మేం వెళ్లే దారి ఆంధ్రా మీదుగానే. ఆ దారిలో ఎన్నిసార్లు పెళ్లిళ్లకి పోయామో, ఆ రాత్రి మాత్రం ఎంతకీ తరగలేదు. చివరికి చేరిన ఆసుపత్రికి ఉన్నది మా పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి గారి పేరే. గేటు మీద ఆ పేరు చూసి, ఎందుకో తెలీదు, కొంచెం ధైర్యం వచ్చింది.

మంచం కనపడగానే నాన్నని పడుకోబెట్టబోయాను. "పడుకోబెట్టకండి!" అని వెనకనుంచి ఒక గొంతు. ఆవిడే. మంచం తలవైపు బాగా పైకి లేపి, నాన్నని నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందకి వేలాడేలా పెట్టారు. ఎందుకో తర్వాత చెప్పారు. కాళ్లు కిందకుంటే గుండెకి తిరిగొచ్చే రక్తం కాస్త తగ్గుతుందట, ఊపిరితిత్తుల మీద బరువు దిగుతుందట. ఆక్సిజన్, సూదిలో నీటి మందు (ఒంట్లో చేరిన నీటిని మూత్రంలో బయటకి పంపేది), మూత్రానికి ట్యూబు. గంటగంటకీ సంచీలో ఎంత చేరిందో చూసి చార్టులో రాస్తూనే ఉన్నారు. మేము నాన్న ముఖం చూస్తూ కూర్చుంటే ఆవిడ ఆ సంచీని చూసేవారు.

ఎకో (గుండె స్కానింగ్) తీసి డాక్టరు గారు హార్ట్ ఫెయిల్యూర్ అన్నారు, గుండె పంపింగ్ 30 శాతం అన్నారు. ఫెయిల్యూర్ అనగానే మా అమ్మ అక్కడే కూలబడిపోయింది. సిస్టర్ గారు పక్కన కూర్చుని, "గుండె ఆగలేదమ్మా, దాని బలం తగ్గింది. తోయలేని నీరు వెనక్కి ఊపిరితిత్తుల్లో, కాళ్లలో చేరుతోంది" అని చెప్పారు. ఒడియా కలిసిన తెలుగు ఆవిడది. బరంపురంలో ఇది మామూలే.

మర్నాటికి ఆయాసం కొంచెం తగ్గాక ఆవిడ నాన్నని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఎన్ని తలగడలు? రాత్రి ఊపిరాడక లేస్తున్నారా? మెట్లెక్కితే ఎక్కడ ఆగుతున్నారు? మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడా అని అందరూ అడిగారు, నాన్న అందరికీ "ఆఁ, ఏసుకుంతన్నాను" అనే చెప్పాడు. ఈవిడ అలా అడగలేదు. మాత్రల పెట్టె ఒళ్లో పెట్టుకుని, "మౌసా, వీటిలో మీకు అసలు నచ్చనిది ఏది?" అన్నారు. మౌసా అంటే ఒడియాలో బాబాయి లాంటి పిలుపు. నాన్న తడుముకోకుండా వేలు పెట్టి చూపించాడు. నీటి మాత్ర! అది వేసుకుంటే గంటకోసారి లేవాలి, కొట్లో గిరాకీ ఉంటే ఎలా? టెక్కలిలో మేనకోడలి పెళ్లికి బస్సెక్కాలంటే ఎలా? అందుకని పెళ్లి నాలుగు రోజులూ మానేశాడు. తర్వాత కూడా ఒకరోజు వేసి ఒకరోజు మానేశాడు. ఇంట్లో ఒక్కరికీ తెలీదు.

ఆవిడ కోప్పడలేదు. ఆ మాత్ర పని దాదాపు ఆరు గంటలు ఉంటుందని చెప్పి, ప్రయాణం ఉన్న రోజు మానేసే బదులు ఏ వేళకి మార్చుకోవచ్చో డాక్టరు గారిని అడిగి రాయించి ఇచ్చారు. సాయంత్రం పొద్దుపోయాక మాత్రం వద్దన్నారు, రాత్రంతా లేవాల్సొస్తుందని.

తర్వాత నా వంతు వచ్చింది. మోకాళ్ల నొప్పులంటే మందుల షాపులో అడిగి నేనే నొప్పి బిళ్లలు తెచ్చి రోజూ ఇచ్చాను. ఆ రకం నొప్పి బిళ్లలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయని, గుండె బలహీనంగా ఉన్నవాళ్లు డాక్టరుని అడక్కుండా వేసుకోకూడదని అప్పుడు తెలిసింది. అమ్మ వంతు తరవాణి, అంటే నీళ్లలో నానబెట్టి పులియబెట్టిన అన్నం. రోజూ పొద్దున్నే పెద్ద గిన్నెడు, దాన్లో ఉప్పు, పక్కన ఆవకాయ. ఆవిడ నవ్వి, "మా ఇంట్లో పఖాళ, మీ ఇంట్లో తరవాణి, రెండింట్లోనూ లుణ" అన్నారు. పఖాళ అంటే ఒడియా వాళ్ల తరవాణి లాంటిదే, లుణ అంటే ఉప్పు. ఇప్పుడు మా ఇంట్లో అందరం దాన్ని లుణ అనే అంటున్నాం.

నా బొటనవేలు పట్టుకుని నాన్న మోకాలి కింద కాలి ముందువైపు, ఎముక ఉన్న చోట, అయిదు అంకెలు లెక్కపెట్టేదాకా నొక్కించారు. తీస్తే గుంట. పిండి ముద్దలో వేలు దిగినట్టు, అలాగే ఉండిపోయింది. తర్వాత నాన్నని పక్కకి తిప్పి నడుం కింద నొక్కి చూపించారు. మంచం పట్టినవాళ్లకి నీరు కాళ్లలో కాకుండా అక్కడ చేరుతుందట, కాళ్లు సన్నగా ఉన్నాయని మోసపోకూడదట. మెడ పక్కన ఉబ్బిన నరం చూపించారు. వీపు మీద స్టెతస్కోపు పెట్టినప్పుడు ఏం వినిపిస్తుంది అని మా అబ్బాయి అడిగితే, "నీ చెవి దగ్గర వెంట్రుకలు రెండు వేళ్ల మధ్య పెట్టి నలుపు, అదే చప్పుడు" అన్నారు. వాడు ఆ సాయంత్రమంతా వార్డులో అదే పని.

ఇంటి నుంచి నాన్న తాగే స్టీలు గ్లాసు తెప్పించి, సిరంజితో నీళ్లు పోసి కొలిచారు. 220 మిల్లీలీటర్లు. నాన్నకి డాక్టరు గారు రోజుకి లీటరున్నర అన్నారు కాబట్టి, ఒక సీసాలో లీటరున్నర నీళ్లు పెట్టుకుని, టీ తాగినా మజ్జిగ తాగినా అంత నీరు సీసాలోంచి తీసెయ్యాలి. సీసా ఖాళీ అయితే ఆ రోజుకి కోటా అయిపోయినట్టే. నోరెండితే నోరు పుక్కిలించి ఊసెయ్యాలి. ఇది నాన్న లెక్క. మీ ఇంట్లో రోగికి ఎంతో మీ డాక్టరే చెప్పాలి.

ఇక బరువు. చేరినరోజు 71.4 కిలోలు, ఇంటికొచ్చిన రోజు 65.8. తిండి సరిగ్గా తినక చిక్కిపోయాడని అమ్మ ఏడుస్తుంటే ఆవిడ అన్నారు, "అది ఒళ్లు కాదమ్మా, నీరు. లీటరు నీరంటే కిలో బరువు." ఈ మాట వ్యాపారస్తుడిని కాబట్టి నాకు వెంటనే ఎక్కింది. రోజూ పొద్దున్న లేచి, మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే పంచెతో, అదే కాటా మీద తూచాలి. మూడు రోజుల్లో రెండు కిలోలకి మించి పెరిగితే ఆయాసం వచ్చేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరకి వెళ్లాలి. "ఆయాసం ఆఖర్న వస్తుంది, కాటా ముందే చెప్తుంది" అన్నారు.

ఇంట్లో బరువు చూసే మిషను లేదు. కొట్లో బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాటా ఉంది. తూనికల ముద్ర పడిన సరుకు, అబద్ధం చెప్పదు. మొదటిరోజు దాని మీద ఎక్కించగానే నాన్న, "ఏటిరా, నన్ను బియ్యం బస్తా సేసీసినావా?" అన్నాడు. అప్పుల ఖాతా పుస్తకంలోనే వెనకవైపు నుంచి రాస్తున్నాం: తేదీ, బరువు, తలగడలు ఎన్ని, కాలి గుంట ఉందా లేదా.

నెల తిరిగాక చెల్లి వాళ్లింటికి వెళ్లి ఎండు చేపల కూర రెండు పూటలు తిన్నాడు. మూడో రోజుకి కాటా 2.1 కిలోలు ఎక్కువ చూపించింది. మనిషి మాత్రం హాయిగా ఉన్నాడు, ఆయాసం లేదు. పాతరోజుల్లో అయితే పట్టించుకునేవాళ్లం కాదు. పుస్తకం పట్టుకుని ఇక్కడి డాక్టరు గారి దగ్గరకి వెళ్తే నాలుగు రోజులపాటు నీటి మాత్ర మోతాదు మార్చారు, రక్తపరీక్ష చేయించారు. బరువు దిగింది. ఈసారి రాత్రి రెండు గంటలకి ఆటో తమ్ముణ్ణి లేపాల్సిన పని పడలేదు.

దుకాణదారుడిగా ఒక సంగతి చెప్పాలి. నేనే గొప్పగా తక్కువ సోడియం ఉప్పు పాకెట్టు తీసుకెళ్లి ఆవిడకి చూపించాను. వెనక రాసింది చదివి, దీన్లో పొటాషియం ఉంటుంది, మౌసా వాడే మాత్రల్లో ఒకటి పొటాషియంని ఒంట్లో నిలిపి ఉంచే రకం, రెండూ కలిస్తే గుండె కొట్టుకునే తీరే తప్పుతుంది, వద్దు అన్నారు. ఇప్పుడు నా కొట్లో ఆ పాకెట్టు అడిగినవాళ్లని గుండె మాత్రలు, కిడ్నీ జబ్బు ఏమైనా ఉన్నాయా అని అడిగి మరీ ఇస్తున్నాను. రెండు బేరాలు పోయాయి. పోనీ.

డిశ్చార్జి రోజు మిఠాయి పెట్టె ఇస్తే ఆవిడ తీసుకోలేదు. మా అమ్మ చేత ఆ చెప్పినవన్నీ ఒకసారి తిరిగి చెప్పించుకున్నారు, తప్పు చెప్పిన చోట మళ్లీ చెప్పారు. అప్పుడు గానీ సంచీ సర్దుకోనివ్వలేదు. రాత్రి డ్యూటీలో నాన్నని మంచం దింపేముందు కాసేపు అంచున కూర్చోబెట్టి, తల తిరగడం లేదని చూసి, అప్పుడు నిలబెట్టిన ఆ చిన్న సిస్టర్లకి, రాయగడ నుంచి వచ్చిన ఆ విద్యార్థినికి కూడా మా ఇంటిల్లిపాదీ నమస్కారాలు.

వచ్చే వారం చెకప్. పుస్తకం తెమ్మన్నారు. 92 రోజుల లెక్క ఉంది, ఈ రోజు 65.9. మధ్యలో రెండు రోజులు ఖాళీగా ఉన్నాయి. సంత రోజు హడావిడిలో కాటా బస్తాలకి సరిపోయింది. దానికి ఆవిడ ఏమంటారో అని నాన్న ఇప్పట్నుంచే నన్ను బెదిరిస్తున్నాడు.