పేరు పెట్టిన ఎముకను దాచుకునే చోటేది?

సంపాదకులు గారికి నమస్కారం.

క్వారీలోనో చెరువు పూడికతీతలోనో పెద్ద ఎముక ఒకటి బయటపడితే చాలు, మర్నాడు పొద్దున్నే పత్రికల్లో "వింత జంతువు ఆనవాళ్లు", "లక్షల ఏళ్ల నాటి కొత్త జాతి" అని శీర్షికలు వచ్చేస్తాయి. పక్కన ఎముకను ఎత్తి పట్టుకున్న మనిషి ఫొటో, కింద ఊరు, చెరువు, గట్టు పేర్లతో సహా మొత్తం అడ్రసు. మీ పత్రికలోనూ చూశాను. ఆ తర్వాత ఆ ఎముక ఏమైందో మాత్రం ఎవరూ రాయరు. ఈ ఉత్తరం దాని గురించే.

అసలు ఒక ఎముకను చూసి ఇది ఫలానా జంతువుది, ఇంతవరకు ఎవరికీ తెలియని జాతి అని చెప్పడం ఒక్క రోజులో తేలే పని కాదండీ. గిట్టల జంతువుల సంగతే తీసుకుందాం. మేక వెనక కాలి చీలమండ దగ్గర చిన్న ఎముక ఒకటి ఉంటుంది, మటన్ కొట్టులో అడిగితే తీసి ఇస్తారు, ఒకసారి చేతిలో పెట్టుకుని చూడండి. పైనా కిందా రెండు వైపులా బావి గిలకకు ఉన్నట్టు గాడి కనిపిస్తుంది. మేకకే కాదు, ఆవు, జింక, పంది, ఒంటె, ఇలా సరిసంఖ్యలో గిట్టలున్న వాటన్నిటికీ అంతే. గుర్రానికి, ఖడ్గమృగానికి మాత్రం గాడి పైవైపే, కింది వైపు దాదాపు చదును. అంటే తల, కొమ్ములు, పళ్లు ఏవీ దొరక్కపోయినా ఆ ఒక్క ఎముక దొరికితే ఆ జంతువు ఏ వంశానిదో చెప్పేయొచ్చన్నమాట. అక్కడి నుంచి జాతి దాకా రావాలంటే పళ్లు కావాలి, పంటి మీది మిట్టలు, అరుగుదల, కొలతలు కావాలి, వాటిని ఇదివరకు దొరికిన ప్రతి దగ్గరి జాతితోనూ పోల్చి చూడాలి. అప్పుడు వర్ణన రాసి అచ్చులో పెట్టి, పేరు ఇచ్చి, ఇదిగో ఈ పేరు ఈ ఎముకకి అని ఒక నమూనాను ఎంచి చూపిస్తారు. రేపు ఎవరికైనా అనుమానం వస్తే వెళ్లి చూడాల్సింది ఆ నమూనానే. అందుకే దాన్ని నలుగురూ వెళ్లి చూడగలిగే సంస్థలో పెట్టాలంటారు. ఎవరింటి బీరువాలోనో ఉంటే ఆ పేరు రుజువు లేని మాటే.

అనుమానాలు రావడం కూడా మామూలే. 1836లో ఫాల్కనర్, కాట్లీ అనే ఇద్దరు పరిశోధకులు శివాలిక్ కొండల్లో దొరికిన పెద్ద కొమ్ముల జంతువుకు శివుడి పేరు కలిపి శివథీరియం అని పెట్టారు. మొదట్లో దాన్ని ఏనుగు లాంటి జంతువులకూ నెమరువేసే జంతువులకూ మధ్యలో ఎక్కడో ఉంచారు, ఇప్పుడు జిరాఫీ కుటుంబంలోది అంటున్నాం. గుజరాత్‌లోని వస్తాన్ లిగ్నైట్ గనిలో దొరికిన గొర్రెంత జంతువుకు 2005లో కాంబేథీరియం అన్నారు. మర్నాడే అన్నట్టు 2006లో అదే గని ఎముకలకు ఇంకో రెండు పేర్లు వచ్చాయి. తీరా ఎముకలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మూడూ ఒకటేనని తేలింది, ముందు వచ్చిన పేరే నిలిచింది. సుమారు ఐదున్నర కోట్ల ఏళ్ల కిందటి ఆ జంతువు గుర్రాల, ఖడ్గమృగాల వంశం ఎక్కడ మొదలైందో చెప్పే సాక్ష్యం. ఎముకలే లేకపోతే ఈ దిద్దుబాట్లు దేన్ని చూసి చేసేవారు?

ఎముక మిగలడం ఎంత ముఖ్యమో చెప్పడానికి నాకు తెలిసినంతలో ఇండోహ్యస్ అనే పాతకాలపు గిట్టల జంతువు కంటే గట్టి ఉదాహరణ లేదు. ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త కశ్మీర్ వైపు కాలాకోట్ రాళ్లలో దొరికిన కొన్ని పళ్లు, దవడ ముక్కలు చూసి 1971లో పెట్టిన పేరది. తర్వాత ఆయన సేకరించిన రాళ్లు చాలా ఏళ్లు డెహ్రాడూన్‌లో ఇంట్లోనే ఉండిపోయాయి. ఆయన పోయాక కూడా ఆయన భార్య వాటిని పారేయలేదు, అమెరికా నుంచి వచ్చిన థెవిసెన్ అనే శాస్త్రవేత్తను నమ్మి ఆయన చేతికి ఇచ్చారు. అక్కడి ప్రయోగశాలలో రాయి నుంచి పుర్రెను వేరు చేస్తుండగా పొరపాటున చెవి దగ్గర ముక్క విరిగింది. విరిగిన చోట చూస్తే ఒక పక్క బాగా మందంగా ఉన్న ఎముక. చెవి ఎముక అలా ఉండేది తిమింగలాలకే అని అప్పటిదాకా అనుకునేవారు! అలా దాదాపు 4.8 కోట్ల ఏళ్ల కిందట మన నేల మీద నీళ్లలో దిగి తిరిగిన, పిల్లి కంటే కాస్త పెద్దదైన ఓ గిట్టల జంతువు తిమింగలాలకు అతి దగ్గరి చుట్టమని 2007 డిసెంబరులో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చింది, ఆ వ్యాసం రాసినవాళ్లలో సునీల్ బాజ్‌పాయ్, బి.ఎన్. తివారీ కూడా ఉన్నారు. ఉత్తరాంధ్ర తీరానికి తిమింగలం కొట్టుకొస్తే చూడటానికి ఊళ్లకు ఊళ్లు కదిలి వస్తాయి కదా, దాని తాతముత్తాతల చుట్టం కథ ఇది. ఆ ఇల్లాలు ఇల్లు సర్దుకుంటూ ఆ రాళ్లను బయట పోయించి ఉంటే అంతా మట్టిపాలయ్యేది. ఒక దేశపు సైన్సు ఒకావిడ ఓపిక మీద ఆధారపడి ఉండొచ్చా?

మన రాష్ట్రం మాటకొస్తే బాధ ఇంకా ఎక్కువ. బేతంచెర్ల దగ్గర, ఇప్పటి నంద్యాల జిల్లాలో, బిల్లసుర్గం గుహలున్నాయి. 1880ల్లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు అక్కడ తవ్వి తీసిన ఎముకలను లైడెక్కర్ అనే శిలాజ శాస్త్రవేత్త పరిశీలించి 1886లో ఒక ఖడ్గమృగానికి రైనోసెరాస్ కర్నూలియెన్సిస్ అని పేరు పెట్టాడు. కర్నూలు పేరు మోస్తున్న ఖడ్గమృగం! అదే గుహల్లో ఈ కాలంలో మళ్లీ తవ్వి, పొరల వయసు లెక్కగట్టి 2014లో ఒక పరిశోధన అచ్చువేశారు. అందులో గుర్తుపట్టిన 21 రకాల క్షీరదాల్లో 20 కనీసం లక్ష ఏళ్లుగా ఉపఖండంలో కొనసాగుతూనే ఉన్నాయని తేలింది. మరి లైడెక్కర్ కొత్తదన్న ఆ ఖడ్గమృగం నిజంగా వేరే జాతేనా, ఇప్పుడున్న వాటిలో ఒకటా అని ఎవరికైనా అనుమానం వస్తే, ఆయన చూసిన ముక్కలనే మళ్లీ చేతిలోకి తీసుకోవాలి. ఇదంతా మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? విశాఖలో నేను చూసిన ఏ మ్యూజియంలోనూ ఆ ఖడ్గమృగం పంటికి ప్లాస్టర్ అచ్చు కూడా కనబడలేదు. జలాంతర్గామి ఉంది, యుద్ధవిమానం ఉంది, రెండూ మంచివే, పిల్లల్ని నేనూ తీసుకెళ్లాను. వాటి పక్కన ఒక్క గది శిలాజాలకు ఇవ్వలేమా? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్రం చెప్పేవాళ్లున్నారు, నగరానికి బీచ్ రోడ్డు పొడవునా స్థలాలున్నాయి. శివథీరియం తల అచ్చు, ఇండోహ్యస్ చెవి ఎముక అచ్చు, మన కర్నూలు ఖడ్గమృగం, పక్కన తెలుగులో రాసిన వివరం. దానితోపాటు రాష్ట్రంలో ఎక్కడ ఏ ఎముక దొరికినా తెచ్చి నంబరు వేసి భద్రపరిచే స్టోరు కూడా ఉండాలి. నాకైతే చూపించే గది కంటే ఈ స్టోరే ముఖ్యం.

చట్టం కూడా లేదు. భూవారసత్వ స్థలాల, అవశేషాల రక్షణకని కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. అధికారమంతా ఒక్క జీఎస్‌ఐ (కేంద్రం భూగర్భ సర్వే సంస్థ) చేతిలోనే పెడితే ఎలా అని శాస్త్రవేత్తలే అభ్యంతరం చెప్పారు, అది సబబైన అభ్యంతరమే. అలాగని బిల్లే అటకెక్కితే నష్టం ఎవరికి? మన ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయని అందరం సంబరపడ్డాం, అంతకు ముందు ఏడాదే భీమిలి దగ్గర ఆ దిబ్బల్ని చదును చేస్తున్నారని గొడవ అయింది. అంత పేరున్న చోటికే ఈ టెన్షన్ తప్పలేదంటే, పేరూ ఊరూ లేని క్వారీలో పొక్లెయిన్ బకెట్‌లోకి వచ్చిన దవడ ముక్కను ఎవరు పట్టించుకుంటారు? ఎముక కనబడితే పని ఆపి ఎవరికి ఫోన్ చేయాలో క్వారీ కూలీకి తెలియాలి, ఆపినందుకు అతని కూలి పోకూడదు. ఇది జిల్లా స్థాయిలో కలెక్టరు ఒక ఉత్తర్వుతో చేయగల పని, ఢిల్లీ బిల్లు కోసం ఆగనక్కర్లేదు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఎముక దొరికిన వార్త వేసేటప్పుడు మండలం పేరుతో సరిపెట్టండి, గట్టు దగ్గరికి దారి చెప్పకండి, మర్నాటికి జనం వెళ్లి ముక్కలు జేబులో వేసుకొస్తారు. "కొత్త జాతి" అనే మాట పరిశోధన అచ్చయ్యేదాకా శీర్షికలో వాడొద్దు. ఆరు నెలలు పోయాక అదే విలేకరిని మళ్లీ పంపి, ఆ ఎముక ఇప్పుడు ఏ సంస్థలో, ఏ నంబరు కింద ఉందో అడిగించి ఆ జవాబు కూడా అచ్చువేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సీతమ్మధార, విశాఖపట్నం