గెలను నింపే పురుగుకు పథకంలో చోటివ్వండి: వ్యవసాయ మంత్రి గారికి ఒక ఆయిల్ పామ్ రైతు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వ్యవసాయ శాఖ మంత్రి గారికి, అశ్వారావుపేట ప్రాంతంలో పాతికేళ్లకు పైగా ఆయిల్ పామ్ సాగు చేస్తున్న ఒక రైతు నమస్కరించి రాసుకుంటున్న లేఖ.

అయ్యా,

గత శీతాకాలంలో సిద్దిపేట జిల్లాలోని మా మేనల్లుడి తోటకు వెళ్లినప్పుడు నేను చీల్చి చూసిన ఒక గెల ఈ లేఖకు కారణం. నాలుగో ఏడు దాటిన తోట అది. చెట్లు ఆరోగ్యంగా ఉన్నాయి, మట్టలు ముదురు పచ్చగా నిగనిగలాడుతున్నాయి, డ్రిప్ ద్వారా నీళ్లూ ఎరువులూ లోటు లేకుండా అందుతున్నాయి. కానీ కోసిన గెలను చేతిలోకి తీసుకుంటే దాని సైజుకు తగ్గ బరువు లేదు. గొడ్డలితో రెండుగా చీల్చితే పైవరుసలో అక్కడక్కడా నిండు కాయలు, లోపలంతా గింజ పట్టని సన్నటి పొల్లు కాయలు కనిపించాయి. “మామా, పూత మంచిగనే వచ్చింది, మరి కాయెందుకు పట్టలేదు?” అని అతడు అడిగినప్పుడు నేను జవాబు చెప్పకుండా, ముందు మగ పూగుత్తులు ఎక్కడున్నాయో చూపించమన్నాను. తోటంతా తిరిగితే విచ్చుకున్న మగ గుత్తులు మూడే దొరికాయి. వాటిని తెల్లటి గుడ్డ మీద దులిపితే పుప్పొడి రాలింది గాని, అందులో పాకాల్సిన పురుగు ఒక్కటీ లేదు.

ఆ పురుగు గురించే తమరికి చెప్పదలచుకున్నాను. దాని శాస్త్రీయ నామం ఎలిడోబియస్ కెమెరూనికస్. మూడు నాలుగు మిల్లీమీటర్ల పొడవు, ముదురు గోధుమ రంగు, ముందుకు పొడుచుకొచ్చిన చిన్న ముక్కు, అంతే దాని స్వరూపం. ఆ ముక్కు వల్లనే దీనిని ముక్కు పురుగు అంటారు. ఆయిల్ పామ్ చెట్టుకు మగ పూగుత్తులు వేరుగా, ఆడ పూగుత్తులు వేరుగా వస్తాయి. ఒకే చెట్టు మీద రెండూ సాధారణంగా ఒకే సమయంలో విచ్చుకోవు గనుక ఒక చెట్టు పుప్పొడి మరో చెట్టుకు చేరవలసిందే. మగ గుత్తి విచ్చుకున్న నాలుగైదు రోజులూ సోంపు వాసన లాంటి ఒక ఘాటైన వాసన వస్తుంది. తోటలో పని చేసే ప్రతి కూలీకీ ఆ వాసన తెలుసు. ఆ వాసనకు పురుగులు వందల సంఖ్యలో వచ్చి వాలతాయి, అక్కడే తింటాయి, అక్కడే గుడ్లు పెడతాయి. ఆడ గుత్తి కూడా విచ్చుకున్నప్పుడు అదే వాసనను విడతలు విడతలుగా విడుస్తుంది. అక్కడ తమకు తిండి ఉందనుకుని వచ్చిన పురుగులు ఒంటినిండా అంటుకున్న పుప్పొడిని ఆ పూల మీద రాల్చి, ఏమీ దొరకక తిరిగి వెళ్లిపోతాయి. ఆడ గుత్తి పుప్పొడిని స్వీకరించే స్థితిలో ఉండేది రెండు మూడు రోజులే. ఆ రెండు మూడు రోజుల్లో ఈ పురుగు రాకపోతే వెయ్యికి పైగా కాయలు పట్టవలసిన గెల పొల్లుగానైనా మిగులుతుంది, లేదా చెట్టు మీదనే కుళ్లిపోతుంది.

ఆయిల్ పామ్‌కు గాలి వల్లనే పరాగ సంపర్కం జరుగుతుందని ఒకప్పుడు శాస్త్రవేత్తలే నమ్మారు. పశ్చిమ ఆఫ్రికా నుంచి మలేసియాకు చెట్టు వెళ్లింది గాని దానితో కలిసి బ్రతికే పురుగు వెళ్లలేదు. అందువల్ల అక్కడి తోటల యజమానులు ఏళ్ల తరబడి కూలీలను పెట్టి, పుప్పొడిని టాల్కం పౌడరులో కలిపి, ఒక్కొక్క ఆడ గుత్తి మీద చేత్తో ఊదించవలసి వచ్చింది. రహమాన్ సయ్యద్ అనే కీటక శాస్త్రవేత్త కామెరూన్ తోటల్లో ఈ పురుగు చేసే పనిని పరిశీలించి రుజువు చేసిన తరువాత, 1981లో దానిని మలేసియాలో విడుదల చేశారు. కొద్దికాలంలోనే చేత్తో ఊదే పని అవసరం లేకుండా పోయింది. మన దేశంలోకి ఈ పురుగును 1985లో కేరళకు తెచ్చారు, ఆ తరువాత అది ఆంధ్ర ప్రాంతపు తోటలకు వచ్చింది. ఈ రోజు పశ్చిమ గోదావరి, ఏలూరు, ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లోని పాత తోటల్లో టన్నుల కొద్దీ గెలలు తెగుతున్నాయంటే, అందులో ఈ పురుగు పడిన శ్రమ ఉంది. దానికి మేము కూలి ఇవ్వలేదు, మేత వేయలేదు. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు దాని మీద గౌరవం కలుగుతుంది.

2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం రూ. 11,040 కోట్లతో వంటనూనెల జాతీయ మిషన్‌ను ఆయిల్ పామ్ కోసం ప్రకటించి, అదనంగా 6.5 లక్షల హెక్టార్లలో ఈ పంట వేయించాలని లక్ష్యం పెట్టుకున్నప్పటి నుంచి, మన రాష్ట్రంలో ఇంతకు ముందు ఈ చెట్టును చూడని జిల్లాల్లో కూడా తోటలు లేచాయి. వంటనూనెలో సగానికి మించి విదేశాల నుంచి తెచ్చుకుంటున్న దేశానికి ఇది అవసరమే, దీనిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. అయితే పాత తోటల మధ్య వేసిన కొత్త తోటకూ, చుట్టూ పత్తి, వరి, మొక్కజొన్న తప్ప మరొక ఆయిల్ పామ్ చెట్టు లేని చోట వేసిన కొత్త తోటకూ పెద్ద తేడా ఉన్నది. మా ప్రాంతంలో పక్క తోట నుంచి పురుగు దానంతటదే వస్తుంది. సిద్దిపేటలోనో జనగామలోనో ఒంటరిగా ఉన్న తోటకు అది ఎక్కడి నుంచి రావాలి?

పైగా మొక్క బలంగా ఎదగాలని మొదటి మూడేళ్ల దాకా వచ్చిన ప్రతి పూగుత్తినీ మేము తీసివేస్తాము. అది సరైన పద్ధతే. కాని ఆ కాలమంతా తోటలో మగ పువ్వు ఉండదు గనుక పురుగు బ్రతికే వీలు లేదు. తీసివేత ఆపిన తరువాత కూడా నీరు బాగా అందిన లేత తోటల్లో ఆడ గుత్తులే ఎక్కువగా వస్తాయి, మగ గుత్తులు అరుదుగా వస్తాయి. చెట్టు నీటి ఎద్దడికి గురైతే మగ పూత పెరుగుతుంది. కాబట్టి రైతు ఎంత శ్రద్ధగా నీరు పెడితే తొలి పంటలో పుప్పొడికీ పురుగుకూ అంత కరువు వచ్చే ప్రమాదం ఉంది. ఈ విషయం తెలియని రైతు మొదటి గెలలు చూసి, మొక్కలు మంచివి కావనో నేల పనికిరాదనో అనుకుని మనసు విరుచుకుంటాడు. తోటలు పీకేద్దామన్న మాటలు అక్కడి నుంచే మొదలవుతాయి.

మా మేనల్లుడి తోటలో దీనికి తోడు మరొకటి జరిగింది. ఎండాకాలం చివర సర్పిలాకార తెల్లదోమ కనిపించగానే, ఆకుల మీద నల్లటి మసి పేరుకోవడం చూసి భయపడి, మందుల దుకాణంలో ఇచ్చిన పురుగుమందును రెండు సార్లు డ్రోన్‌తో కొట్టించాడు. ఆ దుకాణం పేరు నాకు అవసరం లేదు, ఎందుకంటే తప్పు వారొక్కరిది కాదు. పైనుంచి పడిన మందు మట్టల మొదళ్లలో ఉండే పూగుత్తుల మీదకే జారుతుంది. ఆయిల్ పామ్‌లో పరాగ సంపర్కం జరిగిన అయిదారు నెలలకు గాని గెల కోతకు రాదు. మే, జూన్ నెలల్లో చచ్చిన పురుగుల నష్టం నవంబరులో, డిసెంబరులో కాటా మీద తెలిసింది. అప్పటికి ఆ మందు కొట్టిన సంగతే అతడు మరిచిపోయాడు. కారణానికీ ఫలితానికీ మధ్య ఇంత దూరం ఉన్న చోట రైతు తన అనుభవం నుంచి తానే నేర్చుకుంటాడని వదిలేయడం న్యాయం కాదని నా మనవి.

2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో మొదట కనబడిన ఆ తెల్లదోమ విషయంలో రసాయన మందుల జోలికి పోవద్దనే శాస్త్రవేత్తలు చెబుతూ వచ్చారు. ఎన్‌కార్సియా అనే కంటికి ఆనని పరాన్నజీవి దానిని లోపలి నుంచి తినేస్తుంది, ఇసారియా అనే శిలీంధ్రం దానికి రోగం తెప్పిస్తుంది, వానలు పడితే చాలా వరకు అదే తగ్గుతుంది, ఆకుల మీది మసిని గంజి పిచికారీతో పొరలుగా ఊడగొట్టవచ్చు. రసాయనం కొడితే ముందు చచ్చేవి ఆ పరాన్నజీవులూ, మన ముక్కు పురుగులూను.

పేరు దగ్గర కూడా ఒక చిక్కు ఉంది. కొబ్బరి తోటలున్న రైతుకు ముక్కు పురుగు అంటే మొవ్వును తొలిచి చెట్టును చంపే ఎర్ర ముక్కు పురుగే గుర్తుకు వస్తుంది. మేలు చేసే ఈ పురుగునూ అదే మాటతో పిలుస్తుంటే వినేవాడు మందు డబ్బా వెతుక్కోవడంలో ఆశ్చర్యం లేదు. మా దగ్గర కొందరం దీనిని పుప్పొడి పురుగు అంటున్నాము. తమ శాఖ ముద్రించే ప్రతి కరపత్రంలోనూ ఆ పేరే వాడితే సగం పని అయినట్టే.

అయ్యా, నేను కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. పూగుత్తుల తీసివేత ఆపే సమయానికి ప్రతి కొత్త తోటలోనూ పుప్పొడి పురుగును విడుదల చేయడం, మొక్కలూ డ్రిప్పూ ఇచ్చినట్టే, పథకంలో భాగం కావాలి. పాత తోటల్లో పురుగులు నిండిన మగ గుత్తుల రెమ్మలను కోసి, వేరే చీడలు వెంట రాకుండా నిపుణులు పరిశీలించి, కొత్త తోటలకు చేర్చడం కష్టమైన పని కాదు. పెదవేగిలో 1995 నుంచి పనిచేస్తున్న భారతీయ ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ పక్క రాష్ట్రంలోనే ఉంది, వారి సాయం తీసుకోవచ్చు. ఉద్యాన అధికారులు తోటకు వచ్చినప్పుడు ఆకులను చూసినట్టే మగ గుత్తిని కూడా దులిపి, పురుగుల లెక్క రాసుకోవాలి. ఆయిల్ పామ్ తోటలో పురుగుమందు పిచికారీకి, ముఖ్యంగా డ్రోన్ పిచికారీకి, అధికారి రాతపూర్వక సిఫారసు ఉండాలన్న నియమం పెట్టాలి.

ఇంకొక చిన్న సంగతి రైతులకు తప్పక చెప్పించండి. వాడిపోయి నల్లబడిన మగ గుత్తులను తోట శుభ్రంగా ఉండాలని చాలామంది నరికి కాల్చేస్తారు. పుప్పొడి పురుగు పిల్లలు పెరిగేది సరిగ్గా ఆ వాడిన గుత్తుల్లోనే. రెండు మూడు వారాల్లో కొత్త తరం అందులోంచి బయటికి వస్తుంది. నేను కూడా తొలి ఏళ్లలో అలాగే నరికి పోగుపెట్టి కాల్చాను. నాకెవరూ చెప్పలేదు, నేనెవరినీ అడగలేదు. ఆ బూడిదలో ఎన్ని గెలల బరువు పోయిందో తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

సంక్రాంతి తరువాత మా తోట నుంచి పురుగులున్న మగ రెమ్మలను పరీక్ష చేయించి, గోనె సంచుల్లో మా మేనల్లుడి తోటకు పట్టుకెళ్లి చెట్ల మట్టల మధ్య కట్టి వచ్చాము. తమ అధికారులెవరైనా ఆ తోటను చూడదలచినా, ఇతర తోటల కోసం మా చెట్ల నుంచి రెమ్మలు కోసుకోదలచినా, ఏ రోజైనా రావచ్చు. ఒక్క రూపాయి కూడా తీసుకోకుండా ఇవ్వడానికి మా ఊరి రైతులం సిద్ధంగా ఉన్నాము.

ఇట్లు,
తమ విధేయుడు,
అశ్వారావుపేట ప్రాంతపు ఒక ఆయిల్ పామ్ రైతు