ఉకులేలేను అటకెక్కిస్తున్నది పిల్లలు కాదు, మొదటి మెట్టు

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడితే నెల్లూరు, కావలి, ఒంగోలులో సంగీత శిబిరాల ప్రకటనలు మీ జిల్లా పేజీల్లో కనిపిస్తుంటాయి. కీబోర్డు, గిటారుల సరసన ఇప్పుడు ఉకులేలే అనే చిన్న నాలుగు తీగల వాద్యం కూడా చేరింది. సంతోషమే. కానీ జూన్‌లో బడులు తెరిచేసరికి ఆ వాద్యాల్లో చాలావరకు అటకెక్కుతున్నాయి. పిల్లలకు శ్రద్ధ లేదని పెద్దలు తేల్చేస్తారు. ఇంకొందరు శిక్షకులైతే ముందే చెప్పేస్తారు: ఇది గిటారుకు పోయేముందు చేతులు అలవాటు కావడానికేనని. ఈ రెండు మాటలూ సరికాదు.

నాలుగు తీగల వాద్యంతో నాలుగు నెలలకు మించి పనేముంటుందని అనుకునేవారు బిల్ టాపియా గురించి తెలుసుకోవాలి. 1908లో హొనొలులులో పుట్టిన ఆయన, మొదటి ప్రపంచ యుద్ధం నాటికే, ఇంకా పిల్లవాడిగా ఉండగానే, సైనికుల ఎదుట ఉకులేలే వాయించారు. నడుమ దశాబ్దాల పాటు జాజ్ గిటారు పట్టి, తొంభై దాటాక మళ్ళీ ఈ వాద్యానికే వచ్చారు. నూరేళ్ళు దాటాక కూడా వేదికలెక్కారు. 2011లో 103 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. హవాయి వాదకుడు ఎడ్డీ కమాయె, కమాయె దగ్గర నేర్చుకున్న హెర్బ్ ఓటా కూడా జీవితమంతా దీనికే ఇచ్చినవాళ్ళు. 1879లో మదీరా దీవి నుంచి కూలిపనికి ఓడలో హవాయి చేరిన పోర్చుగీసువాళ్ళు వెంట తెచ్చుకున్న చిన్న తంత్రీవాద్యం నుంచి పుట్టింది ఉకులేలే. చిన్నదైనంత మాత్రాన సాధనకు లోటేమీ లేదు. మన పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్‌ను కర్ణాటక కచేరీలో నిలబెట్టిన తీరు తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

కర్ణాటక సంగీతానికి ఉకులేలే ఎంత దగ్గరో చాలామంది గమనించరు. తీగలను పైనుంచి కిందికి జి, సి, ఇ, ఎ స్వరాలకు శ్రుతి చేస్తారు. సి అంటే మన ఒకటో శ్రుతి. దాన్ని షడ్జమం అనుకుంటే, వేలు పెట్టకుండానే నాలుగు తీగలూ వరుసగా ప, స, గ, ద పలుకుతాయి. మోహనంలోని అయిదు స్వరాల్లో నాలుగు చేతిలో ఉన్నట్టే. మిగిలిన రిషభం సి తీగ రెండో మెట్టు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ, అంటే ఫ్రెట్) మీద ఉంది. స ఖాళీ తీగ, రి రెండో మెట్టు, గ ఖాళీ తీగ, ప ఇ తీగ మూడో మెట్టు, ద ఖాళీ తీగ, తారస్థాయి స ఎ తీగ మూడో మెట్టు. ఆరోహణ పూర్తయింది. పిల్లలకు మొదటిరోజే మోహనం చేతికందుతుంది. శిబిరాల్లో పాశ్చాత్య తీగకట్టులు (కార్డ్‌లు, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) మాత్రమే నేర్పి ఈ దారి వదిలేయడం బాధాకరం.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. మోహనానికి మొదటి మెట్టు అక్కర్లేదు. శంకరాభరణానికి కావాలి, ఎందుకంటే శుద్ధ మధ్యమం ఇ తీగ మొదటి మెట్టు మీదే ఉంది. ఎఫ్ తీగకట్టులో కూడా వేలు పడేది అక్కడే. రెండు వేల లోపు దొరికే వాద్యాల్లో తల దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ, అంటే నట్, మీది గాడులు లోతుగా కోయరు, తీగ ఎత్తున నిలుస్తుంది. మొదటి మెట్టు నట్‌కు ఆనుకున్నట్టే ఉంటుంది కాబట్టి, అక్కడ నొక్కితే తీగ ఎక్కువ సాగుతుంది, స్వరం పెరిగిపోతుంది. వేలు నొప్పి, పైగా అపశ్రుతి. పిల్లవాడికి కారణం తెలియదు, తనకు చేతకాదనుకుంటాడు.

పరీక్ష తేలిక. రెండో, మూడో మెట్ల నడుమ తీగను నొక్కిపట్టి, మొదటి మెట్టుకూ తీగకూ మధ్య సందు చూడండి. వెంట్రుక మందం ఉంటే చాలు. విజిటింగ్ కార్డు దూరితే నట్ ఎత్తుగా ఉన్నట్టు. బంగారం పనివారి దగ్గరుండే సన్నని ఆకురాయితో గాడిని తల వైపు వాలుగా అరగదీయాలి. మూడు నాలుగు రాపిళ్ళకొకసారి తీగ బిగించి చూసుకోవాలి. వాలు ఎదురు తిరిగితే తీగ చిటచిటలాడుతుంది. లోతెక్కువైతే గాడిలో చిటికెడు వంటసోడా వేసి ఒక చుక్క ఫెవిక్విక్ వదిలితే గట్టిపడుతుంది, మళ్ళీ గాడి తీసుకోవచ్చు.

తర్వాత శాడిల్, అంటే వాద్యం పొట్ట మీద తీగలు కట్టే బ్రిడ్జిలో అవి ఆనే పట్టీ. పన్నెండో మెట్టు దగ్గర తీగ ఎత్తు రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు ఉండాలి. అక్కడ అర మిల్లీమీటరు దించాలంటే శాడిల్ అడుగున ఒక మిల్లీమీటరు తీయాలి, పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా సగంలో ఉంటుంది కనుక. గాజుపలక మీద గరుకు కాగితం పరచి రుద్దండి. అడుగు వంకరపోతే నాదం సగం చచ్చిపోతుంది.

మన వాతావరణం గురించి దుకాణాల్లో ఎవరూ చెప్పరు. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్ళలో కార్తీక మాసపు వానలకు పొరలు లేని గట్టి చెక్క (సాలిడ్) వాద్యం తేమ పీల్చి పైపలక ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి. కనిగిరి, పొదిలి వైపు మే నెల వడగాలికి అదే చెక్క ఎండి, మెట్ల చివరలు అంచు దాటి వేళ్ళకు గీసుకుంటాయి. కొత్తవారికి ప్లైవుడ్‌లా పొరలు అతికించిన లామినేట్ వాద్యమే మేలు. నాదం కొంచెం తగ్గినా నాలుగు కాలాలు ఉంటుంది. నాదరంధ్రం అంచు చూస్తే తెలిసిపోతుంది: పైపలక చార అంచులోకి దిగితే గట్టి చెక్క, పొరలు కనిపిస్తే లామినేట్. ఏదైనా సరే ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి. జిగురు మెత్తబడి బ్రిడ్జి లేచిపోతుంది.

తెగిన తీగ బదులు గిటారు ఉక్కు తీగ కట్టడం చాలాచోట్ల జరుగుతోంది. దయచేసి ఆ పని చేయకండి. రెండు మిల్లీమీటర్లు కూడా లేని పైపలక ఆ బిగువుకు ఆగదు. నైలాన్ గానీ ఫ్లోరోకార్బన్ గానీ కట్టాలి. కొత్త తీగ కొన్నాళ్ళు సాగుతూనే ఉంటుంది, శ్రుతి నిలవడం లేదని వాద్యాన్ని తిట్టకండి. వేలితో మెల్లగా లాగి మళ్ళీ శ్రుతి చేస్తూ ఉంటే నిలకడ వస్తుంది. కీర్తనలు వాయించేవారు జి తీగ బదులు ఒక స్థాయి కింద పలికే లో-జి తీగ వేసుకుంటే మంద్ర పంచమం నుంచి పైకి వరస దొరుకుతుంది.

శిబిరాల నిర్వాహకులకు మీ పత్రిక ద్వారా నా మనవి: వాద్యాలు పిల్లల చేతికిచ్చేముందు ఒక్కొక్కదానికి నట్, శాడిల్ చూసి సరిచేయించండి. చేయి తిరిగినవాడికి ఒక్కో వాద్యానికి అరగంట పని. నెల్లూరులో బాలసుబ్రహ్మణ్యం గారి పేరిట ఉన్న ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాల ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఈ మరమ్మతు నేర్పితే రెండు జిల్లాల శిక్షకులూ వస్తారు. మీరు శిబిరాల వివరాలు వేసేటప్పుడు విజిటింగ్ కార్డు పరీక్ష కూడా రెండు వాక్యాల్లో ప్రచురించండి.

ఇట్లు,
తంత్రీవాద్య శిక్షకుడు,
కావలి